మా అక్క జ్ఞానదంతం

నూట ఇరవై మూడు కిలోల ఇనుమును తల మీదికి ఎత్తి, దించమనే దాకా నవ్వుతూ నిలబడిన మనిషి మా అక్క అంకిత. అదే మనిషి ఆ రోజు గుంటూరులో మా ప్రయోగశాలకి వచ్చి, పళ్ళ డాక్టరు చేతిలో సూది చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగానంటే ఎడమ చెయ్యి ఊడి వచ్చింది. కుర్చీది.

"సారీ అండీ," అంది అక్క, ఊడిన చెక్కని డాక్టరుకి అందిస్తూ.

"పర్లేదమ్మా, పాత కుర్చీయే. ముందు నోరు తెరువు," అన్నాడాయన ఓ అడుగు వెనక్కి వేసి.

కింది వరసలో చివరి పన్ను, జ్ఞానదంతం, పావుగంటలో బయటికి వచ్చింది. నేను దాన్ని కడిగి, మైనంలో నిలబెట్టి, నా యంత్రం కింద పెట్టాను. దాన్ని మేం పొరల యంత్రం అంటాం. కనిపెట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టింది కానీ పేరు పెట్టడానికి తొమ్మిది నిమిషాలు కూడా ఆలోచించలేదు.

నోట్లో దూది కుక్కుకున్న అక్క "ఊఁ ఊఁ?" అంది యంత్రాన్ని చూపిస్తూ.

"పంటి వేరు చుట్టూ సన్నటి పూత పెరుగుతూనే ఉంటుందక్కా. రోజుకో పొర. ఆ రోజు నీ రక్తంలో ఏం తిరిగిందో అది కాస్త ఆ పొరలో చిక్కుకుపోతుంది. ఈ వెలుగు ఒక్కో పొరనే గీకి, కాల్చి, అందులో ఏముందో చెబుతుంది. నువ్వు పధ్నాలుగేళ్ళ కిందట ఏ మంగళవారం ఏం తిన్నావో కూడా చెబుతుంది."

అక్క దూది తీసేసింది. "అమ్మకి చెప్పకు. ఆ మంగళవారం ఉపవాసమని చెప్పి బజ్జీలు తిన్నాను."

ఇద్దరం నవ్వాం. నిజానికి ఆ యంత్రాన్ని నేను అక్క కోసం తయారు చేయలేదు. మిరప తోటల్లో మందు కొట్టే రైతుల ఒంట్లోకి ఏ విషం ఎప్పుడు చేరిందో తెలుసుకోవడానికి చేశాను. అలాగని అందరికీ చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. అబద్ధం. మొదటి రోజు నుంచీ నా బుర్రలో ఉన్నది ఒకే పన్ను.

అక్క ఇరవయ్యో ఏట ఆసియా పోటీల్లో అరవై మూడు కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచింది. పంతొమ్మిది రోజులు అది మా ఇంట్లో ఉంది. ఇరవయ్యో రోజున కబురొచ్చింది, మూత్ర పరీక్షలో నిషేధించిన స్టెరాయిడ్ దొరికిందని. పతకం వెనక్కి పోయింది, నాలుగేళ్ళు నిషేధం వచ్చింది. ఆ మందు పేరు కూడా తనకి నోరు తిరగలేదు. విచారణలో ఎలా వచ్చిందని గుచ్చి గుచ్చి అడిగితే, బయటివాళ్ళు ఇచ్చినవాటిలో తాను మింగినవి తమ కోచ్ డెబోరా మేడం ఇచ్చిన విటమిన్ బిళ్ళలు మాత్రమేనని చెప్పింది. ఆవిడ ఉద్యోగం పోయింది. అక్క పేరూ తిరిగి రాలేదు. నిషేధం నాలుగేళ్ళకి తీరింది కానీ ఊళ్ళో అనే మాట తీరలేదు. మా ఊరు చింతలగరువులో ఇప్పటికీ మా అక్కంటే మందు కొట్టిన పిల్లే.

రెండేళ్ళ కిందట అక్క మిరప కల్లంలో ఓ మూల చదును చేసి, ఒక ఇనుప బారు, దానికి తగిలించే బరువు పళ్ళేలు కొని పెట్టింది. ఊళ్ళో ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పుతానంది. ఒక్క పిల్ల రాలేదు. "మనవరాల్ని దాని దగ్గరికి పంపితే బరువులెత్తడం నేర్పుద్దో, మందు మింగటం నేర్పుద్దో," అని సాంబయ్య బాబాయి భార్య ఆదిలక్ష్మి పిన్ని పంపు దగ్గర పదిమందిలో అంది. అక్క ఆ మాట విని, బిందె ఎత్తుకుని ఇంటికొచ్చి, తలుపేసుకుంది. పాత కేసులు కొత్త సాక్ష్యంతో మళ్ళీ విచారిస్తామని అంతర్జాతీయ వెయిట్ లిఫ్టింగ్ సంఘం ప్రకటించిన రోజున నాకు ఫోను చేసి ఒక్కటే అడిగింది. "నీ మిషనుకి ఏ పన్ను కావాలి?"

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళలో నేను అక్కని "నువ్వు వేసుకున్నావా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. నమ్మకం వల్ల కాదు. అవునంటుందేమోనని భయం.

వెళ్ళేముందు అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. తన చెయ్యి వేస్తే ఎవరైనా రెండంగుళాలు కిందికి దిగుతారు.

"ఏమొచ్చినా ముందు నాకు చెప్పు పావనీ. నాన్నకి కాదు, పేపరు వాళ్ళకి కాదు."

"అలాగే."

"నాకు భయం లేదులే. నీకే ఉంది." అని బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నేనూ ఊరెళ్ళాను. అక్క దవడ ఇంకా వాచే ఉంది. అమ్మ మెత్తటి అన్నంలో ఉలవచారు పోసి, వెన్న వేసి, పసిపిల్లకి పెట్టినట్టు కలిపి పెడుతోంది. మా ఇంట్లో ఉలవచారు లేని రోజుండదు. కారణం రుచి కాదు, కోడెలు. నాన్న రాఘవులు కోడెల బండలాగుడు పందాల మనిషి. పొద్దున్నే కొట్టం పక్కన పెద్ద కాగులో ఉలవలు ఉడకేస్తాడు. ఉడికిన గింజ కోడెలకి, వంచిన నీళ్ళు, అదే కట్టు, మాకు. ఆ కట్టుని అమ్మ మధ్యాహ్నం దాకా మరిగించి చారు చేస్తుంది. మా ఊళ్ళో కోడెలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. కోడెలతో పాటు మేమూ పెరిగాం.

"పన్ను చూస్తే పదేళ్ళనాటి ముచ్చట ఎట్టా తెలుసుద్దే?" అంది అమ్మ.

నేను చెప్పేలోపే నాన్న అందుకున్నాడు. "తెలవకేం? కోడె వయసు మేం దేన్నిబట్టి చెప్తాం? నోరు తెరిచి చూడంగానే రెండు పళ్ళదో, ఆరు పళ్ళదో తేలిపోద్ది. పందెంలో దింపేది దాన్నిబట్టే గదా. మీ పావని ఇయ్యాల కనిపెట్టింది. మేం ఎప్పుడో కనిపెట్టాం."

ఆయన వెనక గోడకి రెండు ఫోటోలున్నాయి. ఒకదాంట్లో పతకంతో అక్క. రెండోదాంట్లో అదే ఏడు ఆరు పళ్ళ విభాగంలో మొదటి బహుమతి షీల్డుతో నాన్న, పక్కన పూలదండలతో కోడెలు. కోడెల ఫోటోయే పెద్దది. అక్క ఫోటో తీసేయమని ఎవరెవరో సలహా ఇచ్చారు కానీ నాన్న తీయలేదు. "నా కూతురు ఎత్తింది. నేను చూశా," అనేవాడు. ఆ షీల్డుతోనే ఆయన ఊళ్ళో పెద్దమనిషయ్యాడు. ఇప్పుడు పందాల కమిటీకి ఆయనే పెద్ద.

యంత్రం అక్క పన్నుని చదవడానికి తొమ్మిది రోజులు తీసుకుంది. తొమ్మిదో రోజు పొద్దున తెర మీద గీతలు రావడం మొదలైంది. కోచింగ్ క్యాంపులో ఉన్న రోజులన్నీ ఖాళీ. విటమిన్లు, గుడ్లు, అరటిపళ్ళు, అంతే. తర్వాత అక్క మణికట్టు నొప్పి చేసి నలభై రోజులు ఇంటికొచ్చి ఉంది. ఆ నలభై రోజుల పొరల్లో మాత్రం రోజుకో చిన్న గీత, ఆ మందుదే. తిరిగి వెళ్ళాక గీత సన్నబడింది, పోటీ రోజుకి కూడా పూర్తిగా పోలేదు.

గీత ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. దాని పక్కనే ప్రతిసారీ ఇంకో ముద్ర ఉంది. అదేమిటో పోల్చుకోవడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. ఉలవలు.

మందు క్యాంపులో రాలేదు, మా ఇంట్లో వచ్చింది. మా అమ్మ చారులో వచ్చింది. ఇంతకీ ఎవరు కలిపారు? అక్కే కలుపుకుందని ఎవరైనా అంటే? అప్పుడు తట్టింది. ఆ నలభై రోజులూ ఆ చారు తిన్నది అక్క ఒక్కతే కాదు. ఎంసెట్‌కి చదువుకుంటూ, కంచంలో సగం అదే పోసుకుని తిన్న పదిహేడేళ్ళ పిల్ల ఇంకొకతి ఉంది.

వెంటనే లేచి డాక్టరు గదికి వెళ్ళి, చేతికి టేపు చుట్టిన ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

"మీ ఇంటిల్లిపాదీ వస్తారా?" అన్నాడు డాక్టరు.

ఇంకో తొమ్మిది రోజులకి నా పన్ను కూడా చదివేసింది యంత్రం. అవే నలభై రోజులు, అదే గీత, దాని పక్కన అవే ఉలవలు. నేను ప్రయోగశాలలో ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. ఆ ఏడు నా గొంతు బొంగురుపోయి, పాట పాడితే పక్కింటి గేదె తలెత్తి చూసేది. పైపెదవి మీద నూగు వస్తే అమ్మ పసుపు రాసుకోమంది. పరీక్షల వేడి అనుకున్నాం. మా అమ్మయితే ఆ వేసవిలో పనిమనిషి లేకుండా ఇల్లంతా ఒక్క చేత్తో సున్నం కొట్టింది. మందు కొట్టిన పిల్ల ఒకతి కాదు, ఆ ఇంట్లో అందరం కొట్టాం.

మాట ప్రకారం ముందు అక్కకే చెప్పాను. గుంటూరు రమ్మని, రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తను స్టూలు మీద కూర్చుని, క్యాంపు రోజుల ఖాళీ మీద వేలు పెట్టింది.

"అంటే మేడం ఇచ్చిన బిళ్ళల్లో ఏం లేదా?"

"లేదక్కా. ఒట్టి విటమిన్లే."

"నేను అందరి ముందూ ఆవిడ పేరు చెప్పాను పావనీ." ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. తన పేరు బాగుపడిందన్న సంగతి ఆ నిమిషాన తనకి గుర్తే లేదు. నాకు మాత్రం ఇన్నేళ్ళ అనుమానం ఒక్కసారిగా దిగిపోయి, సిగ్గేసింది. తన కాళ్ళ దగ్గర కూర్చుని, "నిన్ను నమ్మలేదక్కా నేను," అని చెప్పేశాను.

"తెలుసులే," అంది. "అయినా పన్ను పీకించుకున్నావుగా. చెల్లుకి చెల్లు."

మర్నాడు ఇద్దరం ఊరెళ్ళాం. నాన్న కొట్టంలో కోడెల కొమ్ములకి నూనె రాస్తున్నాడు. నేను మామూలుగా అడిగినట్టు అడిగాను. "నాన్నా, నీకు షీల్డు వచ్చిన ఏడు కోడెలకి ఏం పెట్టావు?"

ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని ఆయన పధ్నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నట్టున్నాడు. నూనె గిన్నె పక్కన పెట్టి మరీ మొదలుపెట్టాడు. "ఏం పెట్టలేదని అడుగు! జొన్నపిండి, బెల్లం, కోడిగుడ్లు. అన్నిటికంటే ముఖ్యం, బలం పొడి. తిరునాళ్ళలో ఒకాయన అమ్మేవాడు, అడవి మూలికలని. రోజుకి చారెడు. మొదట్లో దాణా మీద చల్లితే వాసన చూసి మూతి తిప్పుకునేయి, ఎదవ వేషాలు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఉలవలు ఉడికేటప్పుడే కాగులో వేసేసేవాణ్ణి. గింజకి పట్టేసిద్ది, వాసన పోద్ది. ఎట్టా ఉంది నా తెలివి?"

నేనూ అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"మరి కట్టు?" అంది అక్క మెల్లిగా.

"కట్టు మీయమ్మ వంచుకునేది."

"ఆ పొడి కట్టులో దిగదా నాన్నా?"

"గింజలో వేసింది గదా? గింజ కోడెలది. కట్టు మంది..." అంటూ ఆగిపోయాడు. పుట్టినప్పటి నుంచీ గింజ వేరు, కట్టు వేరు అనుకునే మనిషి. రెండూ ఒక కాగులోవేనని అప్పుడు మొదటిసారి ఆలోచించాడు. కోడె డెక్క పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"నేనే గదా," అన్నాడు. "నా చేతులతో నేనే గదమ్మా పోశా నీకు."

అక్క నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత పొట్ట పట్టుకుని, గుంజకి ఆనుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఎక్కడ నవ్వు ఆగి ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు, నాన్న పక్కన కూర్చుని ఆయన భుజం మీద తల పెట్టేసింది. "నేను వేసుకోలేదు నాన్నా," అంది. "అది నాకు తెలుసు. కానీ ఒక్కోసారి, నిద్రలో ఎప్పుడైనా వేసుకున్నానేమోనని నామీద నాకే అనుమానం వచ్చేది."

ఈ గొడవకి అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. సంగతి విని ఆవిడ అన్నది ఒకటే. "నా చారులో మందు కలిపావా? ఊరంతా నా చారు అమృతమంటే నా చేతి మహిమనుకున్నానే! ఏవయ్యా, ఒక్క మాట చెప్తే నీ నోట్లోంచి ముత్యాలు రాలతయ్యా?" తర్వాత నాలుగు రోజులు ఆయనకి పచ్చడి మెతుకులే పెట్టింది.

అక్క ఒక షరతు పెట్టింది. సంఘానికి పళ్ళ సాక్ష్యం పంపుదాం, పొడి సంగతి కూడా రాద్దాం, కానీ నాన్న పేరు బయటికి రాకూడదు. "ఆయనకి ఈ వయసులో కోడెలూ, ఆ షీల్డూ తప్ప ఇంకేముంది? దొంగ గెలుపంటారు. ఊళ్ళో మాట పడటమంటే ఏంటో నాకు తెలుసు, నాన్న పడకూడదు." నేను ఎంత వాదించినా వినలేదు. బరువెత్తే వాళ్ళతో వచ్చిన చిక్కు అదే, పట్టుకున్నది ఓ పట్టాన దించరు.

కాగితాలు పంపకముందే మేం చీరాల వెళ్ళాం. డెబోరా మేడం అక్కడ పిండిమర నడుపుతున్నారు. అరవై దాటాయి, జుట్టంతా తెల్లబడింది, దాని మీద పిండి కూడా పడి ఇంకా తెల్లగా ఉంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ మర ఆపి, కళ్ళద్దాలు తుడుచుకుని, పైనుంచి కిందిదాకా చూశారు.

"భుజాలు వాలిపోయినయ్యేంటి? నిటారుగా నిలబడు," అన్నారు.

అక్క చటుక్కున నిటారుగా నిలబడింది. అలా నిలబడే ఏడుస్తూ అంతా చెప్పింది. మీ బిళ్ళల్లో ఏమీ లేదు మేడం, నేనే మీ బతుకు పాడు చేశాను అంది. ఆవిడ పూర్తిగా విన్నారు.

"నేను మాత్రం తక్కువ తిన్నానా?" అన్నారు చివరికి. "నువ్వే ఎవరి దగ్గరో తెచ్చుకుని వేసుకున్నావని, నా పేరు చెప్పి తప్పించుకున్నావని ప్రతి ఆదివారం చర్చిలో కూర్చుని నిన్ను తిట్టుకున్నా. దేవుడి ముందు తిట్టుకున్నానే! ఇప్పుడు అవన్నీ ఎట్టా వెనక్కి తీసుకోవాలి?" అని అక్కని కావలించుకున్నారు. ఇద్దరికీ పిండి అంటుకుంది. అంతలో గోధుమలు తెచ్చుకున్నావిడ ఎవరో మర ఎప్పుడు వేస్తారని అడిగితే, "ఇయ్యాల వెయ్యం, పండగ," అని తలుపు మూసేశారు మేడం.

మా రెండు పళ్ళలో సగం సగం వేరే దేశం ప్రయోగశాలకి వెళ్ళాయి. అక్కడా అవే గీతలు వచ్చాయి. నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. క్రీడాకారిణి తప్పు ఏమీ లేదు, నిషేధం రికార్డుల్లోంచి కొట్టేస్తున్నాం, కోచ్ మీద మచ్చ కూడా తొలగిస్తున్నాం, అయితే ఎలా చేరినా మందు ఒంట్లో ఉన్నమాట నిజం కాబట్టి పతకం ఇవ్వలేం అని రాశారు. అక్క పతకం ముక్క దగ్గర ఆగలేదు. తప్పు లేదు అన్నచోటే మూడుసార్లు చదివింది. మేడం అప్పటికే పిండిమర తమ్ముడికి అప్పగించి, పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేశారు, ఏ పిల్లకి నేర్పుతారో ఎవరికీ తెలియకుండానే. అక్క పన్ను కథ పేపర్లలో వచ్చాక దేశదేశాల్లో మందు మింగే ఆటగాళ్ళు పంటినొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశారని మా డాక్టరు తెగ సంబరపడ్డాడు.

ఊరు మాత్రం కదల్లేదు. "చెల్లెలి మిషను, అక్క పన్ను. తప్పని ఎందుకొచ్చుద్ది?" అంది ఆదిలక్ష్మి పిన్ని పంపు దగ్గర. తీసిపారేయడానికి లేదు, నేనైనా అదే అనేదాన్ని. ఎవరో ఏదో పొడి కలిపారట, ఎవరో చెప్పరట, ఎవరు నమ్ముతారు? కల్లంలో బారు అలాగే ఉంది. మేడం రోజూ పొద్దున్నే విజిల్ మెడలో వేసుకుని వచ్చి, అక్క ఒక్కదానితోనే కసరత్తు చేయించి వెళ్ళేవారు. అక్క నవ్వుతూనే ఉండేది కానీ, పిల్లలు బడికి వెళ్ళే వేళకి రోడ్డు వైపు చూడకుండా ఉండలేకపోయేది. అది నాన్న గమనించాడని నాకు తర్వాత తెలిసింది.

మాఘమాసంలో మా ఊరి తిరునాళ్ళ వచ్చింది. బండలాగుడు చూడటానికి పది ఊళ్ళ జనం చేరారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అయిపోయి ఆరు పళ్ళ విభాగం మొదలవబోతోంది. కమిటీ పెద్దగా జెండా ఊపాల్సిన నాన్న, జెండా పక్కన పెట్టి మైకు తీసుకున్నాడు. రెండో చేతిలో కండువా కప్పిన వస్తువేదో ఉంది. కండువా తీస్తే షీల్డు.

"నాన్నా, వద్దు!" అని అక్క జనంలోంచి లేచింది. మేడం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"అయ్యా, అందరూ ఇనుకోండి," అన్నాడు నాన్న. "పధ్నాలుగేళ్ళ కిందట ఈ బరిలోనే నా కోడెలు గెలిచినయ్యని ఈ షీల్డు నాకిచ్చారు. నా కోడెలు గెలవలా. మందు గెలిచింది. బలం పొడని తెచ్చి ఉలవల కాగులో ఏశా. ఆ కట్టే మా ఇంటిల్లిపాదీ తాగారు. నా కూతురు ఏ మందూ తెచ్చుకోలా, ఏ మందూ మింగలా. అయ్య చేతి మీద నమ్మకంతో అన్నం తినింది, అంతే అది చేసిన నేరం. ఇన్నాళ్ళూ దాన్నంటే నన్నన్నట్టే. అనేదుంటే ఇప్పుడు నన్ననండి. ఈ షీల్డు రెండో బహుమతి వచ్చిన సాంబయ్యది. ఒచ్చి తీసుకో సాంబయ్యా."

డప్పులు ఆగిపోయాయి. నాన్న షీల్డు చాచి పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. నా చెయ్యి అక్క చేతిలో ఉంది, నా వేళ్ళు విరిగిపోతాయేమో అనిపించింది.

సాంబయ్య బాబాయి లేచాడు. బరిలోకి నడిచాడు. షీల్డు దగ్గరికి వెళ్ళి, తీసుకోకుండా, మైకు వైపు వంగాడు.

"నాకొద్దు రాఘవులన్నా," అన్నాడు. "నేనూ అదే పొడి ఏశా."

జనంలో కలకలం మొదలైంది.

"దాణా మీద చల్లావా, కాగులో ఏశావా?" అని ఎవరో అరిచారు.

"కాగులోనే. మా కోడెలూ మూతి తిప్పుకునేయి."

"అయితే మూడో బహుమతి వాడికియ్యండి," అన్నారు ఇంకెవరో. మూడో బహుమతి ముసలాయన కట్టె ఊపుతూ, "నన్ను లాగమాకండయ్యా, ఆ పొడి మీ ఇద్దరికీ అమ్మినోణ్ణి చూపించిందే నేను!" అన్నాడు.

ఒక నవ్వు ఎక్కడో మొదలైంది. ఆడవాళ్ళ వైపు నుంచి. "అందుకా, ఆ ఏడు మా అత్త నాకంటే ముందు లేచి నాలుగెకరాల కలుపు తీసింది!" అంది ఒకావిడ. "మా ఆయన ఎద్దు లేకుండా బండి లాక్కొచ్చాడే!" అంది ఇంకొకావిడ. ఇంటింటా ఉలవకట్టు తాగిన ఊరు, లెక్క తేలేకొద్దీ పడీ పడీ నవ్వింది. ఆసియా పోటీలకి వెళ్ళి పరీక్షకి నిలబడింది మా అక్క ఒక్కతే కానీ, ఆ ఏడు మందు కొట్టింది చింతలగరువు మొత్తం.

నవ్వనిది ఆదిలక్ష్మి పిన్ని ఒక్కతే. జనాన్ని తోసుకుంటూ బరి మధ్యకి వచ్చింది. నాన్న చేతిలోంచి మైకు లాక్కుంది. అక్క కూర్చున్న వైపు తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"మా మనవరాల్ని రేపు పంపిస్తానమ్మాయ్," అంది. "ఎన్నింటికి పంపమంటావు?"

అక్క లేచి నిలబడింది. ఉత్తరం వచ్చిన రోజున కూడా ఏడవని మనిషి, వెయ్యిమంది మధ్యలో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తూ, చేతులతో ఏదో చెప్పబోతోంది.

డెబోరా మేడం పైకి లేచి, ఆ గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి, బరి అంతా వినపడేలా అరిచారు. "అయిదింటికి! ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తియ్యను!"

మాకు గేటు లేదు. కల్లానికి కంచె కూడా లేదు. అయినా మర్నాడు అయిదు కొట్టేసరికి పదకొండు మంది ఆడపిల్లలు చెప్పులు విప్పి, గేటు ఉండాల్సిన చోట వరసగా నిలబడి, లోపలికి రమ్మంటారా అని మా అక్కని అడిగారు.